ఎండిన గడ్డి చచ్చిన గడ్డి కాదు

మోరిస్‌విల్ ఇంటి ముంగిలి నుంచి అనంతపురం గుట్టల దాకా పచ్చికకు ఒక పంచాంగం ఉంది. దాన్ని చదవలేక మనం పోగొట్టుకుంటున్నది తక్కువేమీ కాదు.

జనవరి ఉదయం. నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్ వీధుల్లో రాత్రి పట్టిన మంచు పొర ఇంకా విడలేదు. వరసగా ఒకే తీరు ఇళ్లు, వాటి ముందు ఒకే కొలత పచ్చికలు. రంగు మాత్రం ఒకటి కాదు. ఒక ఇంటి ముందు గడ్డి ముదురాకుపచ్చగా మెరుస్తోంది. పిట్టగోడ కూడా లేని హద్దు దాటితే పక్కింటి గడ్డి పూర్తిగా ఎండి గోధుమరంగులోకి తిరిగింది. కొడుకు జర్కిన్ వేసుకుని, చెవులు కప్పేలా శాలువా చుట్టుకుని నడకకు వచ్చిన తల్లి ఆ హద్దు దగ్గర ఆగిపోయింది. ఆమెది అనంతపురం పక్క పల్లె.

"వీళ్లేమి నాయనా, గడ్డికి నీళ్లు పెట్టల్యా? అంతా ఎండిపాయ గదా."

"ఎండలేదుమా. చలికి పండుకుంది. ఏప్రిల్లో మళ్లా లేస్తాది."

ఆమె నమ్మలేదు. వంగి ఒక పోచ పీకింది. నేల మీద పాకిన తీగ, కణుపు కణుపుకీ వేరు. వేళ్ల మధ్య నలిపి చూసి అంది: "ఇది మన గరిక గదరా!"

ఆమె మాట అక్షరాలా నిజం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇళ్ల ముందు, ఆటస్థలాల్లో, పశువుల బీళ్లలో బెర్ముడా గడ్డి పేరుతో పరుచుకున్నది వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే. ఎండను ఇష్టపడే గడ్డి కనుక మొదటి గట్టి మంచు పడగానే ఆకు ఎండబెట్టుకుంటుంది. నేల వెచ్చబడ్డాక మళ్లీ చిగురిస్తుంది. పక్కింట్లో పచ్చగా ఉన్నది ఫెస్క్యూ. అది చలిదేశాల గడ్డి. జనవరిలో నిగనిగలాడుతుంది కానీ జులై, ఆగస్టు వేడికి డీలాపడి చాలాచోట్ల మచ్చలు మచ్చలుగా చచ్చిపోతుంది. ఈ రెంటిలో ఏది బలంగా ఉందో జనవరిలో రంగు చూసి చెప్పబోతే తప్పుతాం.

పదడుగుల లాన్ విషయంలో ఆ తప్పు వల్ల పెద్ద నష్టమేమీ లేదు. అదే తప్పు రాయలసీమ, పాలమూరు బీళ్ల విషయంలో నూటయాభై ఏళ్లుగా జరుగుతోంది. అక్కడ నష్టపోతున్నది లక్షల జీవాలు, వాటి వెంట నడిచే మనుషులు.

ఈ ఏడాది ఈ మాట ఎత్తుకోవడానికి కారణం ఉంది. 2026ను మేత భూములు, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మంగోలియా ప్రతిపాదన మీద 2022 మార్చిలోనే సర్వప్రతినిధి సభ ఈ తీర్మానం చేసింది. భూగోళం మీది నేలలో సగానికి పైగా ఏదో ఒక రకం మేత భూమేనని, అందులో సగం దాకా క్షీణించిందని ఐరాస ఎడారీకరణ విభాగం 2024లో లెక్కగట్టింది. అడవి కోసం ఊరేగింపులు జరుగుతాయి, నదులకు హారతులు పడతారు. గడ్డికి మాత్రం ఇన్నాళ్లూ ఒక ఏడాదంటూ లేకుండా పోయింది.

550 మిల్లీమీటర్ల బతుకు

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. మోరిస్‌విల్‌లో 1,150 పైమాటే. తేడా అంకెలోనే లేదు. మోరిస్‌విల్ వాన పన్నెండు నెలలకూ సర్దుకుని పడుతుంది. అనంతపురం వాన కొద్ది వారాల్లో వచ్చి పోతుంది. నైరుతి మేఘాలు చాలామటుకు పడమటి కనుమల మీదే దిగిపోతాయి. ఈశాన్య మేఘాలు తీరం దాటి లోపలికి వచ్చేసరికి చిక్కిపోతాయి. రెంటికీ చివర మిగిలిన ఆ నేల మీద ముంగారు, హింగారు అని రెండు ఆశలతో బతుకు నడుస్తుంది. రెండు కలిసే సెప్టెంబరు వానే అన్నిటికంటే నమ్మదగినది.

గుట్టల మీది గడ్డి ఈ లెక్కకు తగ్గట్టే తయారైంది. అందులో రెండు తెగలున్నాయి. ఒకటి ఏడాది గడ్డి. ఎండాకాలమంతా గింజగా మట్టిలో ఉండి, వాన తగలగానే మొలిచి, కొన్ని వారాల్లోనే పూసి గింజ రాల్చి వెళ్లిపోతుంది. రెండోది బోద, చీపురు వంటి దుబ్బు గడ్డి, ఏళ్ల తరబడి బతికేది. వానలు వెనకబట్టాక అది ఆకులోని సత్తువను మొదళ్లలోకీ, వేళ్లలోకీ దించుకుంటుంది. అంతా దించుకున్నాక పై ఆకును ఎండనిస్తుంది. ఫిబ్రవరిలో గుట్ట మీద గాలికి గలగలలాడే ఆ పసుపురంగు, గడ్డి తన పొదుపు పూర్తిచేసుకుందనడానికి గుర్తు.

రోహిణి కార్తెలో అదే గుట్ట ఎక్కితే రాయి, మట్టి, కొరికిన మొదళ్లు తప్ప ఏమీ కనిపించవు. మృగశిరలో ఒక మంచి వాన పడిందంటే వారం పది రోజుల్లో గుట్టకు లేతాకుపచ్చ నూగు వస్తుంది. బయటివాళ్లకు అది అద్భుతం. కాపరికి అది పండుగతో పాటు భయం కూడా. నెలల తరబడి ఎండుగడ్డి నమిలిన గొర్రె ఒక్కసారిగా లేతపచ్చి మీద పడితే చిటుకు రోగం తగులుకుంటుంది. సాయంత్రం దాకా మేసిన పిల్ల తెల్లారేసరికి దొడ్డిలో చచ్చి పడి ఉంటుంది. అందుకే చిటుకు టీకా తొలకరికి ముందే పడాలి. టీకా బండి నెల ఆలస్యమైతే ఆ నష్టాన్ని ఏ కరువు లెక్కలోనూ రాయరు.

> కార్తెల్లో మేత: ఒక మంద ఏడాది
>
> మృగశిర – ఆరుద్ర (జూన్, జులై మొదలు): గుట్టల మీద తొలి చిగురు. నీళ్లు ఇంకా చాలవు.
>
> పుష్యమి – మఖ (జులై, ఆగస్టు): చేలల్లో వేరుశనగ మొలకెత్తుతుంది. మందకు పొలాల్లోకి దారి మూసుకుంటుంది. బీడు, గుట్ట, వాగు గట్టే దిక్కు.
>
> ఉత్తర – హస్త (సెప్టెంబరు, అక్టోబరు మొదలు): గడ్డి నడుమెత్తుకు పెరిగి వెన్ను వేసే కాలం. ఏడాదిలో ఇదే కడుపు నిండే సమయం.
>
> స్వాతి – జ్యేష్ఠ (అక్టోబరు చివర నుంచి డిసెంబరు): గింజ రాలుతుంది. కోతలైన చేలు మందకు తెరుచుకుంటాయి. వానకాలపు నీలినాలుక రోగం వెంటాడేదీ ఈ రోజుల్లోనే.
>
> శ్రవణం – రేవతి (జనవరి చివర నుంచి ఏప్రిల్ మొదలు): నిలబడి ఎండిన గడ్డి. వలసకు మూటలు కడతారు.
>
> భరణి – రోహిణి (ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదలు): చెట్ల ఆకు, తుమ్మకాయ, కాలువ కింది పొలాల మోళ్లు.

గడ్డి పడుకున్నప్పుడు చెట్టు లేస్తుంది

ఈ బీళ్లలో నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది చెట్టు పద్ధతి. మార్చి చివర, చుక్క వాన లేకుండా, నేల పెళుసుబారి ఉన్నప్పుడు వేపకు కొత్త ఆకు వస్తుంది. కానుగ నిగనిగలాడుతుంది. ఉగాదికి వేపపువ్వు దొరకడానికి కారణం ఇదే. గడ్డి వేరు పైపొర తేమను నమ్ముకుంటే చెట్టు వేరు లోతున దాగిన నీటిని అందుకుంటుంది. గడ్డి వాన వచ్చాక లేస్తుంది. చెట్టు వానకు ముందే సిద్ధంగా ఉంటుంది.

అంటే ఆ నేల మీద ఏడాదికి రెండు పచ్చదనాలు. ఒకటి తలపైన, ఒకటి కాళ్ల కింద, అదీ వేర్వేరు నెలల్లో. కాపరి ఏడాది నిలబడింది ఈ ఎడం మీదే. గడ్డిలో సత్తువ అడుగంటిన నెలల్లో నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ కాయలు పండి రాలతాయి. మాంసకృత్తులున్న ఆ కాయ చూలు గొర్రెను నిలబెడుతుంది. రేగు ఆకు, బలుసు ఆకు మేకకు. చెట్లు మరీ దట్టమైతే నీడకు కింద గడ్డి పోతుంది. చెట్లు అసలే లేకపోతే వేసవి దాటదు. పలచగా చెట్లు, మధ్య విశాలంగా గడ్డి. ఆఫ్రికా సవన్నాల గురించి మనం బడిలో చదువుకున్నది సరిగ్గా ఇలాంటి నేల గురించే. కాకపోతే పెనుకొండ పక్కనున్న దాన్ని సవన్నా అనాలని మనకు ఎవరూ చెప్పలేదు. పాడుపడిన అడవి అని చెప్పారు.

మంద నడిచే దారి

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు. ఆదివారం మనం కొనే మాంసం వెనక ఉన్న ఈ మందల్లో అత్యధికం కొట్టంలో దాణా తిని పెరిగినవి కావు. గొల్ల కురుమల వెంట నడిచి, బీడు మేసి బతికినవి.

గడ్డి ఒకచోట ఎండినప్పుడు మరోచోటికి నడవడం వాళ్ల విద్య. కురిసే వాన ఊరికీ ఊరికీ మారే నేలలో ఒకేచోట నిలబడి జీవాలను సాకడం కుదరదు. వేసవి ముంచుకొచ్చేసరికి మందలు తుంగభద్ర, కృష్ణ కాలువల కిందికి, కొన్ని నల్లమల అంచులకు తరలుతాయి. వరి కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద కట్టిస్తే రైతుకు ఎరువు, కాపరికి కొంత డబ్బో ధాన్యమో. పట్టాలు, ఒప్పంద పత్రాలు ఏమీ లేకుండా మాట మీద నడిచే ఏర్పాటు ఇది. గొంగడి పరుచుకుని మంద మధ్య పడుకునే కాపరికి ఏ ఊళ్లో ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో, ఏ గుట్ట వెనకవైపు గడ్డి ఇంకో పక్షం నిలుస్తుందో తెలుసు. వాన సూచన ఫోన్‌లోకి వచ్చిన ఈ రోజుల్లో కూడా ఆ తెలివికి సాటివచ్చేది నేను చూడలేదు.

ఆ గొంగడి నేసేది దక్కనీ గొర్రె ఉన్నితో. నల్లటి ముతక ఉన్ని, ఎండనూ వాననూ తట్టుకునే ఒళ్లు, ఎంతదూరమైనా నడిచే కాళ్లు. ఉన్నికి గిరాకీ పడిపోయి మాంసానికే ధర వచ్చేసరికి చాలా ఊళ్లలో దక్కనీ మందల్లో త్వరగా బరువు పెరిగే నెల్లూరు రకం ఎక్కువైంది. అది మంచి గొర్రే. కానీ మెట్టనేల కరువులో రోజుల తరబడి నడిచి బతికే విద్య దక్కనీదే.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 75 శాతం రాయితీ మీద ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. కాపరుల పేరు ఎత్తి అంత పెద్ద పథకం రావడం గొప్ప విషయమే. అయితే గొర్రెను ఇచ్చినవాళ్లు ఆ గొర్రె ఏప్రిల్‌లో ఎక్కడ మేస్తుందో కూడా చెప్పి ఉండాల్సింది. బీడు విస్తీర్ణం ఏటేటా తగ్గుతుంటే మందను పెంచుకోమనడం కాపరిని అప్పులోకి నెట్టడమే.

కాగితం మీద బంజరు

ఊరి రికార్డుల్లో ఒకప్పుడు మేతకంటూ చోటు ఉండేది. ఆంధ్రలో మేత పోరంబోకు, తెలంగాణలో బంచరాయి. మరోపక్క, శిస్తు రాని నేలంతా వృథా నేలేనన్న బ్రిటిష్ రెవెన్యూ లెక్క కూడా ఆ రికార్డుల్లోనే కూర్చుంది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి మాట మసకబారింది, రెండోది స్థిరపడింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2000 నుంచి విడతలవారీగా వెలువరిస్తున్న బంజరు భూముల అట్లాసుల్లో పొదలున్న నేల, క్షీణించిన పచ్చిక అనే వర్గాలు కూడా బంజరులోనే ఉన్నాయి. ఒకసారి ఆ పటంలో రంగు పడ్డాక ఆ నేలను ఏదో ఒక పనికి వాడాల్సిందేనన్న ఆత్రం మొదలవుతుంది.

కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన సౌర విద్యుత్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. దాని కిందికి వెళ్లిన నేల 5,900 ఎకరాలకు పైగా. సౌర విద్యుత్తు మనకు కావాలి, అందులో నాకు అనుమానం లేదు. నా అభ్యంతరం లెక్క కట్టే పద్ధతి మీద. పట్టా భూమికి పరిహారం వస్తుంది. అదే నేల మీద కోతల తర్వాత తరతరాలుగా మందలు మేపుకున్నవాళ్లకు నష్టం జరిగిందని రాసుకోవడానికి ఫారంలో గడే ఉండదు.

ఈ పద్ధతికి ఎదురు నిలిచిన కథ కూడా ఆ సీమలోనే ఉంది. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల పల్లెలతో కలిసి వేల ఎకరాల రెవెన్యూ బంజరును కల్పవల్లి పేరుతో కాపాడుతూ వచ్చింది. అక్కడ చేసింది పెద్దగా మొక్కలు నాటడం కాదు. నిప్పు పాకకుండా ఏటా అగ్గిదారులు తీశారు. కాపలా పెట్టుకున్నారు. వేళ్లు బతికున్న గడ్డిని, మోళ్లను వాటంతట అవి లేవనిచ్చారు. వాగుల వెంట ఈతచెట్లు తిరిగొచ్చాయి. ఇంటి కప్పుకు బోద గడ్డి, చీపుళ్లకు పుల్ల, బుట్టలకు ఈతాకు, వేల జీవాలకు మేత. అంత జరిగాక 2010 ప్రాంతంలో అదే గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. వాటికోసం కొండ వాలును తొలిచి రోడ్లు వేశారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. రికార్డులో ఆ నేల బంజరు. పల్లెవాళ్లు కాపాడిన ఏళ్లు ఏ పహాణీలోనూ లేవు.

మనుషులే కాదు, ఒక పక్షి కూడా ఈ బంజరు పటానికి బలైంది. నేల మీద, గడ్డి మధ్య ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు పెట్టే బట్టమేక పిట్ట కోసం 1988లో నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. పిట్టకు కావాల్సింది ఆ కంచె లోపలి గడ్డితో పాటు చుట్టూ ఉన్న బీళ్లు, జొన్న చేలు. కాలువ నీళ్లు వచ్చి పంటలు మారాయి. చుట్టుపక్కల నేల మారిపోయాక కంచె లోపలి పచ్చిక ఒక్కటే దాన్ని నిలపలేకపోయింది. దేశం మొత్తం మీద ఇవాళ సహజ ఆవాసాల్లో మిగిలిన బట్టమేకలు 150 లోపే.

పచ్చగా కనిపించే అబద్ధం

ఉపగ్రహాలు వచ్చాక ఈ రుతుచక్రాన్ని ఆకాశం నుంచి చూడగలుగుతున్నాం. 1972లో మొదలైన లాండ్‌శాట్ వరసలో ఇప్పుడున్న ఒక్కో ఉపగ్రహం 16 రోజులకోసారి ఒకేచోటు మీదుగా వెళ్లి నేల ఎంత పచ్చగా ఉందో నమోదు చేస్తుంది. ఆ గీత అనంతపురం మీద జూన్ నుంచి ఎగబాకి సెప్టెంబరు, అక్టోబరుల్లో శిఖరానికి చేరి, మార్చికి నేలకు దిగుతుంది. కరువు ఏడాదిలో ఆ శిఖరం కుంగిపోతుంది. కాపరికి కళ్లతో తెలిసినదే, కానీ అధికారికి చూపడానికి పనికొచ్చే సాక్ష్యం.

ఒక్క చిక్కుంది. ఆ గీత పచ్చదనాన్ని కొలుస్తుంది తప్ప మేతను కాదు. కొన్ని బీళ్లలో మార్చిలో కూడా గీత దిగడం లేదంటే సంతోషించాలా? అక్కడికి వెళ్లి చూస్తే తరచూ కనిపించేది సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల నుంచి తెప్పించిన ఈ కంపను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం నాటారు. జీవాలు కాయలు తిని పేడలో గింజలు మోసి ఊరూరా చల్లాయి. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, దట్టంగా అల్లుకుంటుంది, కింద గడ్డిని బతకనివ్వదు. దాని ఆకును జీవాలు ముట్టవు. నిరుపేదలకు పొయ్యిలో కట్టె, బొగ్గు బట్టీ కూలి ఇచ్చింది కూడా అదేనని మరవకూడదు. కానీ పటం మీద పచ్చబడిన ఆ బీడు కాపరికి మాత్రం మూసుకుపోయింది. నేల ఎండాల్సిన నెలలో ఎండకపోవడం కూడా రోగ లక్షణమే.

కరొలైనా మరిచిపోయిన గడ్డినేల

మళ్లీ మోరిస్‌విల్ వద్దాం. 2020 జనగణన నాటికి 29,600 దాటిన ఈ ఊళ్లో సగానికి దగ్గరగా ఆసియా మూలాలవాళ్లే. తెలుగు వినపడని వీధి లేదు. కిటికీ తీస్తే పైన్ చెట్లు, క్రాబ్‌ట్రీ చెరువు అవతల అమ్‌స్టెడ్ పార్కు అడవి. ఇది ఆదినుంచీ అడవేనని కొత్తగా వచ్చినవాళ్లెవరైనా అనుకుంటారు. కాదు. ఆ పార్కులో చాలా భాగం 1930ల దాకా సారం పోయిన పొలాలు. ఇంకా వెనక్కి వెళితే ఈ ప్రాంతంలో పలచని ఓక్, పైన్ చెట్ల కింద విశాలమైన గడ్డినేలలు ఉండేవి.

1700 డిసెంబరు చివర్లో చార్లెస్టన్‌లో బయలుదేరిన జాన్ లాసన్ అనే ఆంగ్లేయుడు కాటాబా, ఆకనీచి తెగల పల్లెల మీదుగా ఈ ప్రాంతం దాటాడు. ఇప్పటి హిల్స్‌బరో దగ్గరి ఆకనీచి పల్లె మోరిస్‌విల్‌కు యాభై కిలోమీటర్ల లోపే. 1709లో అచ్చయిన తన పుస్తకంలో అతను సవన్నాల గురించి రాశాడు. ఆ గడ్డినేలల్లో అడవిదున్నలు మేసేవి. రాష్ట్రపు పడమటి కొండల్లోని యాషెవిల్ పక్కన, ఆ చుట్టుపక్కల కనిపించిన చివరి దున్నను చంపింది 1799లో అని అక్కడి చారిత్రక ఫలకం చెబుతుంది.

ఇంత వాన పడేచోట గడ్డినేల ఎలా నిలిచింది? నిప్పుతో. మూలవాసులు కాలం చూసి గడ్డికి నిప్పు పెట్టేవారు. చెట్ల మొలకలు కాలిపోయేవి, గడ్డి వేళ్లు బతికేవి, లేత చిగురుకు జింకలు వచ్చేవి. ఆ మనుషులను తరిమేశాక, ఇరవయ్యో శతాబ్దంలో నిప్పంటేనే నేరమన్న ప్రచారం వచ్చాక, ఆ నేల అడవిగా మూసుకుపోయింది. ఎండ తగలాల్సిన మొక్కలు కరెంటు తీగల కిందికి, రోడ్డు అంచులకు చేరాయి. ఎప్పటికప్పుడు కొట్టి చదును చేసే చోట్లు అవే కనుక.

డర్హంలో ఈనో నది మలుపు దగ్గర పెన్నీస్ బెండ్ అనే 84 ఎకరాల చోటుంది. నార్త్ కరొలైనా బొటానికల్ గార్డెన్ దాన్ని చూసుకుంటుంది. నల్లరాతి మీది ఆ పలచని మట్టిలో ఇప్పుడు మనుషులే ప్రణాళిక ప్రకారం నిప్పు పెడతారు. స్మూత్ కోన్‌ఫ్లవర్ అనే అరుదైన గులాబిరంగు పువ్వు అందుకే అక్కడ బతికింది. 1992లో అంతరించే ప్రమాదమున్న జాబితాకు ఎక్కిన ఆ మొక్కను, కోలుకుంటోందని 2022లో ఒక మెట్టు తగ్గించారు.

దక్షిణంగా సదరన్ పైన్స్ ఊరి దగ్గర వేమత్ వుడ్స్‌కు వెళితే ఇంకో పాఠం. అక్కడ 1548 నాటిదని తేల్చిన లాంగ్‌లీఫ్ పైన్ చెట్టు ఇంకా నిలబడి ఉంది. ఆ చెట్ల కింద దుబ్బులు దుబ్బులుగా పరుచుకున్న వైర్‌గ్రాస్, మన చీపురు గడ్డికి దగ్గరి చుట్టం. చలికాలంలో కాలిస్తే అది మళ్లీ చిగురిస్తుంది కానీ పెద్దగా గింజ కట్టదు. వసంతం చివర, వేసవి మొదట్లో, ఉరుములు మెరుపులు నిప్పు పుట్టించే కాలంలో కాలితేనే విరివిగా పూస్తుంది. నిప్పు ఒకటే, గడ్డి ఒకటే. నెల మారితే సంతానమే మారిపోతుంది. కల్పవల్లిలో నిప్పును ఆపడం రక్షణ, కరొలైనాలో నిప్పు పెట్టడం రక్షణ. గడ్డినేలకు అన్నిచోట్లా పనికొచ్చే మందు లేదు. ఆ నేల చరిత్ర తెలిసినవాళ్ల మాట వినాలి.

> సముద్రాలు దాటిన మేత, మంద
>
> గరిక: కొత్త ఖండానికి వలస వెళ్లాక పశువుల మేతగా స్థిరపడింది. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ రూపొందించిన 'కోస్టల్' రకం 1943లో విడుదలై దక్షిణ రాష్ట్రాల బీళ్లను మార్చేసింది.
>
> ఫెస్క్యూ: 'కెంటకీ 31' రకాన్ని 1931లో కెంటకీ కొండవాలు పొలంలో గుర్తించారు. విడుదల మళ్లీ 1943లోనే. దాని లోపల బతికే ఒక శిలీంధ్రం వేసవిలో పశువులకు వేడి తట్టుకోలేని జబ్బు తెస్తుందని తెలియడానికి 1970ల దాకా పట్టింది.
>
> అంజన్ గడ్డి: మన దేశపు మెట్టబీళ్లకు మేలైన మేత. ఆఫ్రికా నుంచి అరిజోనా ఎడారికి చేరిన అదే జాతి అక్కడ మంటలను మోసే కలుపై, నిప్పు ఎరగని సగ్వారో జెముళ్లను చంపుతోంది.
>
> ఒంగోలు గిత్త: నెల్లూరు, ఒంగోలు సీమ నుంచి వెళ్లిన పశువుల రక్తం అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో ఉంది. బ్రెజిల్ సవన్నాల్లో నెలోర్ పేరుతో మేసే మాంసపు పశువుల్లో అత్యధికం ఆ సంతతివే.

లాన్ మీద రంగు

మోరిస్‌విల్ చుట్టుపక్కల కాలనీల సంఘాలు పచ్చిక ఎలా ఉండాలో నియమాలు పెట్టుకుంటాయి. శీతాకాలంలో గరిక గోధుమరంగుకు తిరగడం ఇష్టంలేనివాళ్లు దాని మీద చలి గడ్డి గింజలు చల్లుతారు. గోల్ఫ్ మైదానాల్లోనైతే ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు పిచికారీ చేయడం మామూలే. ఆ రంగును చూసినప్పుడల్లా నాకు మన ఊరి 'హరిత' బోర్డులు గుర్తొస్తాయి. వేసవిలో బీడు ఫొటో తీసి, బోసిపోయిందని రాసి, గుంతలు తవ్వి నీలగిరి మొక్కలు నాటి, బోర్డు పెడతారు. ఆ గుంతలు తవ్వినప్పుడు ముక్కలైన గడ్డి దుబ్బుల వయసు ఎంతో ఎవరూ అడగరు.

దీనికి చట్టంలో కొంత ఆసరా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సంచార, పశుపోషక సమూహాలకు మేత హక్కును, కాలాన్నిబట్టి వచ్చి వాడుకునే హక్కును గుర్తించింది. అది అడవి భూమి వరకే. రెవెన్యూ నేలలకు వస్తే 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామాలకు అప్పగించే పథకాలు సిద్ధం చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఈ రెంటినీ ఊరి మెట్టు దాకా తేవాలంటే ముందు ఆ ఊరి మేత పోరంబోకు ఎన్ని ఎకరాలో, సర్వే నంబర్లేవో, ఏ నెలల్లో ఎవరి మందలు వస్తాయో గ్రామసభలో రాయించాలి. పంచాయతీ గోడ మీద పెట్టించాలి.

ఆ ప్రశ్న మోరిస్‌విల్ నుంచి కూడా ఫోన్‌లో అడగవచ్చు. ఇక్కడి నుంచి సొంతూరికి మొక్కలు నాటించమని డబ్బు పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. మంచి మనసుతో పంపేదే. పంపే ముందు, నాటబోయే చోటు ఫొటో ఏ నెలలో తీశారో కనుక్కోండి. ఏప్రిల్‌దైతే పక్కన పెట్టి, అక్టోబరులో తీసింది తెప్పించుకోండి. అందులో నడుమెత్తు గడ్డి కనిపిస్తే ఆ డబ్బుకు అక్కడే వేరే పనులున్నాయి: వేసవిలో జీవాలకు నీటి తొట్లు, గుట్ట చుట్టూ అగ్గిదారులు, సర్కారు తుమ్మను వేళ్లతో తీయించే కూలి, మే నెల దాటకుండా మందలన్నిటికీ చిటుకు టీకాలు.